అలారం కంటే ముందు వచ్చే మనిషి

ఆ అమెరికన్‌కు అతని సొంత రాష్ట్రంలోని కోర్టు యావజ్జీవ శిక్ష వేసిందన్న వార్త నాకు హైదరాబాదులో, మా వీధి చివరి ఇంటర్నెట్ సెంటర్లో తెలిసింది. ఈమెయిల్ పంపినవాడు నా పాత సహోద్యోగి, ముల్తాన్ మనిషి. వార్త కింద ఒకటే వాక్యం రాశాడు: "భాయ్ సాబ్, ఫోటో చూడండి, వీడు మనవాడేనా?" ఫోటోలో మనిషి లావయ్యాడు, జుట్టు పోయింది. మనవాడే.

ఆస్పత్రుల్లో రోగులను చంపినందుకు ఆ శిక్ష. ఆపరేషన్ వేళ కండరాలను కదలకుండా ఉంచే మందును, కోలుకుంటున్న రోగులకు ఇచ్చి ఊపిరి ఆపాడని రుజువైంది. మొత్తం ఎంతమందో తనకే గుర్తులేదని చెప్పాడట. రుజువు చేయగలిగిన చావులకే కోర్టు శిక్ష వేసింది. మేమిద్దరం కలిసి పనిచేసిన సౌదీ ఆస్పత్రి గురించి ఆ వార్తలో ఒక్క ముక్క ఉంది: మధ్యలో కొన్నేళ్ళు విదేశాల్లో ఉద్యోగం చేశాడు అని.

ఆ ముక్క వెనక ఉన్నది చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇప్పుడు గల్ఫ్ ఆస్పత్రులకు వెళ్తున్న నర్సింగ్ పిల్లలు, నాలాగా యంత్రాలు చూసే కుర్రవాళ్ళు చదివితే చాలు. ముందే చెబుతున్నాను, ఇందులో చివరికి తేలేది ఏమీ లేదు. అతను మా దగ్గర ఎవరినైనా చంపాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అనుమానం ఉంది. అనుమానాన్ని ఎంతవరకు నమ్మవచ్చో ఆ ఏడాదే నేర్చుకున్నాను కనుక, దానికి మరో పేరు పెట్టను.

మా ఆస్పత్రి అల్ ఖోబర్‌లో ఉండేది. ప్రైవేటుది, మరీ పెద్దది కాదు. నేను బయోమెడికల్ ఇంజనీర్ని. పేరు పెద్దదే గాని పని మెకానిక్‌ది. ఊపిరి ఆడించే వెంటిలేటర్లు, గుండెను చూపే మానిటర్లు, మందు ఎక్కించే పంపులు ఆగిపోకుండా చూడాలి. ముల్తాన్ ఆయన నా టెక్నీషియన్. వయసులో నాకంటే పెద్ద. యంత్రం మొండికేస్తే పంజాబీలో తిట్టేవాడు, దారికొస్తే ఉర్దూలో మెచ్చుకునేవాడు.

ఐసీయూలో తెలుగు నర్సు ఒక్కతే ఉండేది. పాలకొల్లు వైపు అమ్మాయి. మిగతావాళ్ళంతా కేరళ, ఫిలిప్పీన్స్. ఆస్పత్రిలో అందరూ పిలిచినట్టే ఆమెను సిస్టర్ అనే రాస్తాను. మేము అల్ అజీజియాలో ఫ్లాటు తీసుకుని ఉండేవాళ్ళం. మా ఆవిడ ఆమెను వారానికోసారి భోజనానికి పిలిచేది. మా ఆవిడది కరీంనగర్ పక్క పల్లె. ఒకరి మాట మరొకరికి వింత.

"ఏంది పిల్లా, గిట్ల బక్కగైనవ్? హాస్టల్ల తిండి పెడ్తలేరా?"

"పెడతన్నారు వదినా. ఓ పూట మలయాళీ కొబ్బరి, ఓ పూట ఫిలిప్పీనో పంచదార. రెండూ తింటే ఇలాగే అవుతారండి."

"అయితే ఇంకింత ఏసుకో."

"మీ కూరలో కారం తీసేస్తే గిన్నెలో ఏమీ మిగలదు వదినా."

ఆ అమెరికన్ మా ఐసీయూలో రెస్పిరేటరీ థెరపిస్టు. వెంటిలేటర్ మీద ఉన్న రోగికి ఎంత గాలి వెళ్ళాలి, ఎప్పుడు తగ్గించాలి, గొట్టం ఎప్పుడు తీయాలి, ఇదంతా అతని పని. పనిలో దిట్ట. ఈ మాట ఇప్పుడు కూడా వెనక్కి తీసుకోను. చిన్న లీకులకు మమ్మల్ని పిలవకుండా తనే సరిచేసుకునేవాడు. తన మీద తనే జోకులు వేసుకునేవాడు. సిస్టర్ దగ్గర "బాగున్నారా" నేర్చుకుని నన్ను కనబడినప్పుడల్లా అడిగేవాడు. రోగి గుండె ఆగితే ఆస్పత్రి మైకులో పిలుపు వచ్చేది, అందరూ పరుగెత్తేవారు. అందరికంటే ముందు అతనుండేవాడు. ఐసీయూ పెద్ద డాక్టరు, ఈజిప్టు ఆయన, కొత్తగా చేరినవాళ్ళకు అతన్ని చూపించి ఇలా ఉండాలి అనేవాడు.

శుక్రవారం మధ్యాహ్నం సంగతి కొంచెం వివరించాలి. జుమ్మా నమాజుకు ఊరంతా మూతపడుతుంది. మా ఆస్పత్రిలోనూ ముస్లిం సిబ్బంది, డాక్టర్లతో సహా, ఆవరణలోని మసీదుకు వెళ్ళేవారు. రోగుల బంధువులూ అక్కడికే. డ్యూటీ డాక్టరు పేజర్ పెట్టుకుని చివరి వరుసలో కూర్చునేవాడు. ఆ కాసేపు ఐసీయూ మిగతా మతాలవాళ్ళ చేతిలో ఉండేది. అక్కడ వారపు సెలవు అదే కనుక శుక్రవారం సెలవు కోసం నర్సుల్లో పోటీ. సిస్టర్ ఒక్కతే శుక్రవారం డ్యూటీ అడిగి మరీ వేయించుకునేది. దానికి బదులు ఆదివారం సెలవు తీసుకునేది.

ఎందుకో మాకు తెలుసు. ఆదివారం హాస్టల్ గదిలో నలుగురైదుగురు క్రైస్తవ నర్సులు కిటికీ మూసుకుని, గొంతు లేవకుండా ప్రార్థన చేసుకునేవారు. వేరే మతాల ప్రార్థనకు ఆ దేశంలో అనుమతి లేదు, అప్పట్లో అది బయట చెప్పుకునే విషయం కాదు. మా ఇంట్లో దేవుడి పటం బీరువా లోపల ఉండేది, కనుక మాకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ చలికాలం నుంచి శుక్రవారం మధ్యాహ్నాల్లో మరణాలు ఎక్కువయ్యాయి. ఎక్కువయ్యాయని అప్పుడెవరికీ తోచలేదు. ఐసీయూ అన్నాక పోయేవాళ్ళు పోతూనే ఉంటారు. పైగా శుక్రవారం పోవడం అక్కడ పుణ్యం. అల్లా మంచి రోజున పిలిచాడని బంధువులు ఏడుపులోనే ఊరట పొందేవారు. సాయంత్రం నమాజు కాగానే ఖననం. పోస్టుమార్టం మాట ఎవరూ ఎత్తరు. సమాధి మీద పేరు ఉండదు, తల దగ్గర ఒక రాయి ఉంటుంది. తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఒక ముసలాయన సిస్టర్‌కు ఖర్జూరం పెట్టె తెచ్చిచ్చాడు. నీ చేతుల్లో, మంచి రోజున వెళ్ళాడు అన్నాడు. ఆ ఖర్జూరం మా ఇంటికి వచ్చింది. తిన్నాం.

మనసులో చెడ్డ ఉద్దేశం ఉన్నవాడికి అంతకంటే మంచి మరుగు దొరకదు. చనిపోయినవాడి ఇంటివాళ్ళే కృతజ్ఞతలు చెప్పే గంట అది. ఈ మాట ఇప్పుడు రాయగలుగుతున్నాను.

చివరికి ఒక కుర్రవాడి చావుతో కథ అడ్డం తిరిగింది. కారు ప్రమాదంలో పక్కటెముకలు విరిగి వచ్చాడు. బాగా కోలుకున్నాడు. వెంటిలేటర్ తీసేశారు, మర్నాడు వార్డుకు పంపాలి. సిస్టర్‌ను తన ఫోనుతో ఫోటో తీయబోయి తిట్లు తిన్నాడు. జుమ్మా వేళకు ఊపిరి ఆగింది. మళ్ళీ గొట్టం వేసి యంత్రానికి తగిలించారు గాని లాభం లేకపోయింది. తండ్రి అందరిలాగే మంచి రోజు అన్నాడు. మేనమామ అనలేదు. ఆయన మిలిటరీ ఆస్పత్రిలో డాక్టరు.

"రేపు వార్డుకు వెళ్ళాల్సినవాడు ఈరోజు ఎలా పోయాడు?" అని అడిగాడు. శవాన్ని కోయడానికి తండ్రి ఒప్పుకోలేదు. ఖననం ఆ సాయంత్రమే అయిపోయింది. మేనమామ మాత్రం విచారణ జరగాల్సిందేనని పట్టుబట్టాడు.

ముందు నా దగ్గరికే వచ్చారు. ఆ మంచం దగ్గరి యంత్రాలన్నీ టేపు వేసి మా వర్క్‌షాపుకు పంపారు. ముల్తాన్ ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుని అన్నాడు:

"దువా కరో, భాయ్ సాబ్, మెషీనే ఖరాబ్ అని తేలాలని. మెషీన్ బాగుంటే మనిషి ఖరాబ్ అవుతాడు."

మెషీన్లు బాగున్నాయి. విప్పి, బిగించి, మళ్ళీ విప్పి చూశాం. కనబడింది ఒక్కటే. మానిటర్ అలారం శబ్దం బాగా తగ్గించి ఉంది. అది నేరం కాదు. గోల భరించలేక ఎవరైనా తగ్గిస్తారు. ఉన్నది ఉన్నట్టు రిపోర్టులో రాశాను. యంత్రంలో లోపం లేదని తేలేసరికి ముదీర్, అంటే ఆస్పత్రి డైరెక్టరు, నర్సుల డ్యూటీ చార్టు తెప్పించాడు. ఆ చలికాలం శుక్రవారాల చావులన్నిటికీ సిస్టర్ డ్యూటీలో ఉంది. అలారం తగ్గించింది కూడా ఆమేనని అందరూ అనుకున్నారు.

థెరపిస్టులు ఆ చార్టులో ఉండరు. వాళ్ళ విభాగం వేరు. అమెరికన్ ప్రతిసారీ అక్కడున్నమాట నిజమే, కాని పిలిస్తే వచ్చినవాడు. మంట దగ్గర ఫైరింజన్ కనిపిస్తే ఎవరూ ఫైరింజన్‌ను అనుమానించరు.

ఆ రోజుల్లోనే అమెరికాలో వేరే ఎవరో నర్సు రోగులను చంపి దొరికిపోయిన వార్త టీవీలో వచ్చింది. ఈజిప్టు డాక్టరు క్యాంటీన్లో ఆ కథ చెప్పాడు. చెప్పేటప్పుడు ఎవరి పేరూ తీయలేదు. తీయాల్సిన అవసరం లేకపోయింది. సిస్టర్ గదిలో ఉండే మలయాళీ అమ్మాయి మరో గదికి మారిపోయింది. ఆమె వైపు మందుల ట్రే వెళ్తే వెనకే ఇంకొకరు వెళ్ళేవారు. ఆమె జేబులో చెయ్యి పెడితే పది కళ్ళు ఆ చేతి మీదే ఉండేవి. అందరికంటే ఎక్కువ ఆదరంగా మాట్లాడింది అమెరికనే. టీ తెచ్చి ఇచ్చేవాడు.

నేనూ ఆ పది కళ్ళలో ఉన్నాను. ఒక సాయంత్రం ఆమె మా వంటింట్లోంచి టీ తెచ్చి నా ముందు పెట్టింది. కప్పు వైపు క్షణం ఎక్కువసేపు చూసినట్టున్నాను. మా ఆవిడ చూసింది.

"చాయ్‌ల ఏమన్న పడ్డదా?"

"ఏం లేదు."

"మరి తాగుండ్రి."

తాగాను. సిస్టర్ వెళ్ళాక మా ఆవిడ గిన్నెలు కడుగుతూ, నా వైపు తిరక్కుండానే అంది: "మీరు మిషన్లను అనుమానించుండ్రి, దానికి జీతమిస్తున్నరు. ఇంటికొచ్చిన ఆడపిల్లను గట్ల చూస్తే నేనే ఈ ఇంట్ల ఉండ."

విచారణ రోజు సిస్టర్‌కు ఇంగ్లీషు పోయింది. ఆమె ఇంగ్లీషు మామూలుగా నాకంటే బాగుండేది. ఆ గదిలో కూర్చోగానే నోట మాట రాలేదు. తెలుగు మనిషిని పిలవమంది. నన్ను పిలిచారు.

గదిలో ముదీర్, ఈజిప్టు డాక్టరు, నర్సుల సూపరింటెండెంట్ ఉన్నారు. ఊపిరి విషయాల్లో నిపుణుడిగా సలహా ఇవ్వడానికి అమెరికన్ కూడా ఉన్నాడు. ముదీర్ మర్యాదస్తుడు. ఆయన ముందు రెండు దారులున్నాయి. ఆమెను పోలీసులకు అప్పగించడం, లేదా ఎగ్జిట్ వీసా వేసి ఇంటికి పంపేయడం. పోలీసుల దారి హత్యానేరం దాకా వెళ్తే దాని చివర ఏముంటుందో ఆ దేశంలో ఉన్న ఎవరికైనా తెలుసు. ఆమె పాస్‌పోర్టు ఆస్పత్రి లాకర్లో ఉంది.

కుర్రవాడి గురించి అడిగారు. మందులు చార్టు ప్రకారమే ఇచ్చానంది. అలారం తగ్గించలేదంది. ఇంకేమైనా చెప్పాలా అన్నారు. ఆమె నాతో తెలుగులో అంది:

"అన్నయ్యా, ఈయన అలారం మోగకముందే వచ్చేవాడు. ఆ కుర్రోడప్పుడూ అంతే. నేను పక్క మంచం దగ్గర డ్రిప్పు మారుస్తున్నాను. తిరిగి చూస్తే అప్పటికే తల దగ్గర ఉన్నాడు. తర్వాత మోగింది."

మాట పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పాను. అతని ముఖం చూశాను. ఏమీ మారలేదు. ఈజిప్టు డాక్టరు నవ్వాడు.

"దాన్నే మంచి థెరపిస్టు అంటారు," అన్నాడు.

అమెరికన్ సిగ్గుపడ్డట్టు చెయ్యి ఊపాడు.

అప్పుడు ముదీర్ అడిగాడు: "శుక్రవారం డ్యూటీ ఎవరూ కోరుకోరు. నువ్వు అడిగి వేయించుకున్నావు. ఎందుకు?"

సిస్టర్ నా వైపు చూసింది. జవాబు నాకూ తెలుసు. అంత చిన్న జవాబు. చెబితే, ఆదివారం ఎక్కడ, ఎవరెవరితో అన్న ప్రశ్న వస్తుంది. ఆ మూసిన కిటికీ వెనక ఉన్నవాళ్ళ పాస్‌పోర్టులూ అదే లాకర్లో ఉన్నాయి.

"చెప్పకండన్నయ్యా," అంది మెల్లగా. "మిగతా పిల్లలు ఇరుక్కుంటారు."

"ఏమంటోంది?" అన్నాడు ముదీర్.

"ప్రత్యేకమైన కారణం లేదంటోంది," అన్నాను.

 అప్పుడు అమెరికన్ చాలా నెమ్మదిగా, ఆమెకు సాయం చేస్తున్నవాడిలా అన్నాడు: "శుక్రవారాలు ప్రశాంతంగా ఉంటాయి కదా. అందుకేనేమో."

ఆ మాట విన్నాక ముదీర్ ఆమెను ఇంకేమీ అడగలేదు.

చివర్లో అమెరికన్ ఆమె తరఫున మాట్లాడాడు కూడా. మంచి నర్సు, అలసిపోయి ఉంటుంది, అలసిన మనిషి పొరపాట్లు చేస్తుంది, పోలీసులదాకా ఎందుకు, ఇంటికి పంపేయండి అన్నాడు. లేచి గ్లాసులో నీళ్ళు పోసి ఆమె ముందు పెట్టాడు. ఆమె తాగలేదు. ముదీర్‌కూ పోలీసులు రావడం ఇష్టం లేదు, ఆస్పత్రి పేరు పోతుంది. ఎగ్జిట్ ఖాయమైంది. కుర్రవాడి మేనమామకు, బాధ్యురాలిని తొలగించాం అని కబురు పంపారు.

ఆమె ప్రాణం దక్కిందనుకున్నాం. నేను అమెరికన్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని థాంక్స్ చెప్పాను. ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ ఏడ్చింది. మర్నాడు బిర్యానీ వండి, పెద్ద డబ్బాలో పెట్టి అతనికి పంపించింది. డబ్బా శుభ్రంగా కడిగి తిరిగి పంపాడు.

సిస్టర్ అనుభవ పత్రం లేకుండా వెళ్ళింది. ఆ పత్రం లేని నర్సును ఎవరూ తీసుకోరు. తీసుకోబోయిన చోటికి కబురు ముందే చేరేది. కేరళ అమ్మాయి లేని ఆస్పత్రి ఎక్కడుంది?

ఆ నెలలోనే తూర్పు ప్రాంతంలో విదేశీయులు నివసించే కాంపౌండ్ల మీద దాడులు జరిగాయి. అమెరికన్లు, బ్రిటిష్‌వాళ్ళు గుంపులుగా వెళ్ళిపోయారు. అతనూ వెళ్ళాడు. కేకు కోసి పంపాం. ఐసీయూలో శుక్రవారాలు మళ్ళీ మామూలయ్యాయి. ఈజిప్టు డాక్టరు ఒకసారి నాతో, "చూశావా, ఆమె వెళ్ళాక ఎంత ప్రశాంతంగా ఉందో," అన్నాడు. ఆ మాటే ఇంట్లో చెప్పాను. మా ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఆ నెల ఇద్దరు పోయిండ్రు గద," అంది.

"ఏమిటి?"

"మన పిల్ల ఒక్కతే పోయిందా? ఆ తెల్లాయన పోలేదా?"

మళ్ళీ చిక్కుడుకాయల్లో పడింది. కాసేపటికి, తనలో తను అనుకున్నట్టు, "నా చేతి వంట తిన్నడు," అంది.

మర్నాడు ముల్తాన్ ఆయనతో అన్నాను.  ఆయన తలుపు వేసి వచ్చి, "ఈ మాట ఎవరి దగ్గరా అనకండి, భాయ్ సాబ్. మీ సబూత్, రుజువు, ఏమిటి? చిక్కుడుకాయలా?" అన్నాడు. హేళన కాదది, భయం. ఆయన మాట న్యాయమే. ఒక మనిషి ఒక గదిలో ఉన్నాడన్న ఒక్క కారణంతో సిస్టర్‌ను అనుమానించాం. ఇప్పుడు అదే కారణంతో ఇంకో మనిషిని అనుమానించడం ఎలా? నేను చదివిన పుస్తకాలన్నీ నాకు ఈ ప్రశ్న వేయడం నేర్పాయి. జవాబు వాటిలో లేదు. ఊరుకున్నాను.

తర్వాత మా ఆవిడకు జబ్బు చేసింది. ఉద్యోగం వదిలి వచ్చేశాను. ఏడాదిన్నర బతికింది. ఆమె పోయిన రెండేళ్ళకు ఆ ఈమెయిల్ వచ్చింది. ఇంటర్నెట్ సెంటర్ నుంచి ఇంటికి నడుస్తూ, దీన్ని ఎవరికి చెప్పాలనుకున్నానో ఆ మనిషి ఇంట్లో లేదని గేటు దగ్గర గుర్తొచ్చింది.

అమెరికాలో అతని కేసు నడిపిన ప్రాసిక్యూటర్ కార్యాలయానికి రాశాను. కొన్నాళ్ళకు ఒక మహిళా అధికారి ఫోన్ చేసింది. ఓపికగా విన్నది. శవపరీక్షలు ఉన్నాయా అని అడిగింది. లేవన్నాను. సమాధుల్లోంచి తీసి పరీక్షించే వీలుందా అంది. వాటి మీద పేర్లుండవన్నాను. మా పరిధి కూడా కాదు సార్, అంది. అయినా సాక్షి ఉంటే చెప్పండి, అతన్ని అడిగి చూస్తాం, అంది.

"అతను ఆ గదిలో ఉండగా చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"ఒకరున్నారు."

"వారి పేరు?"

పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ కేసులో చూసినదీ, అప్పట్లో నిందపడినదీ ఒకే మనిషి. అడిగి చెబుతానని ఫోన్ పెట్టేశాను. పాలకొల్లు రైలెక్కాను.

సిస్టర్ వాళ్ళ అమ్మతో ఒక చిన్న పోర్షన్లో ఉంటోంది. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్ ఉద్యోగం. జుట్టు ముందే నెరిసింది. గుమ్మంలో నన్ను చూసి పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

"రండన్నయ్యా. వదిన సంగతి తెలిసిందండి. రాలేకపోయాను."

కాఫీ ఇచ్చింది. మా ఆవిడ చివరి రోజుల గురించి అడిగి, అన్నీ చెప్పేదాకా వింది. అప్పుడు అమెరికన్ సంగతి చెప్పాను. శిక్ష, మందు, రుజువులు. కదలకుండా కూర్చుంది.

"మన ఆస్పత్రిలో చేశానని చెప్పాడా?"

"లేదు."

"ఆ కుర్రోణ్ణి?"

"సౌదీ మాటే ఎత్తలేదట."

"అయితే నాకేం తెచ్చారన్నయ్యా?" అంది. నిష్ఠూరం కాదు, నిజంగానే అడిగింది.

ఆ మహిళా అధికారి సంగతి చెప్పాను. నువ్వు చూసింది చెబితే అతన్ని అడుగుతారట, వాడు ఒప్పుకుంటే నీ మీద మచ్చ పోతుంది అన్నాను.

"ఏం చూశానండీ? అలారం మోగకముందే వచ్చాడు. నేనూ మోగకముందే ఉన్నాను కదా అక్కడ." కొంగు చివర వేలికి చుట్టుకుంది. "వాడు ఒప్పుకోకపోతే? మళ్ళీ నా పేరే కదండీ మిగిలేది. ఒక్కోసారి నాకే అనిపిస్తదండి, నేనే ఏదో తప్పు మందు ఎక్కించానేమోనని. మొదటినుంచీ గుర్తు చేసుకుంటాను. ట్రే, సిరంజి, లేబులు. అన్నీ సరిగ్గానే ఉంటాయి. మర్నాడు మళ్ళీ మొదలెడతాను."

"నువ్వు చెయ్యలేదమ్మా."

"మీకెలా తెలుసు?"

"మీ వదినకు తెలుసు."

ఆమె కొంచెం నవ్వింది. "వదిన నన్ను డ్యూటీలో ఎప్పుడు చూశారండీ," అంది. తర్వాత, పేరు మాత్రం ఇవ్వకండి, అంది. సరేనన్నాను.

లోపల మంచం మీదనుంచి వాళ్ళ అమ్మ అన్నానికి పిలిచింది. ఆవిడకు షుగరు, తినేముందు ఇన్సులిన్ వేయాలి. సిస్టర్ లేచి పెరటి గోడ దగ్గరికి వెళ్ళి, "పిన్నిగారూ," అని రెండుసార్లు కేక వేసింది. అటునుంచి జవాబు రాలేదు. తిరిగి వచ్చి అలాగే నిలబడింది.

"ఏం కావాలమ్మా?" అన్నాను.

జవాబు వాళ్ళ అమ్మ చెప్పింది. "అది అంతే బాబూ. ఎవరో ఒకరు పక్కన నుంచుని చూడాలి. చూడకపోతే సూది వెయ్యదు. పక్కింటోళ్ళు ఊరెళితే నా అన్నం చల్లారిపోవాల్సిందే. ఇంత చదువు చదివించాను."

సిస్టర్ తల వంచుకుంది.

నేను లేచాను. నేనుండను, నిన్నెవరూ చూడక్కరలేదు, నువ్వు వేసెయ్యి అన్నాను. వసారాలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, వీధి వైపు తిరిగి నిలబడ్డాను. లోపల గిన్నె మూత చప్పుడు, ఫ్రిజ్ తీసిన చప్పుడు వినిపించాయి. తర్వాత ఏమీ వినిపించలేదు. చాలాసేపు వినిపించలేదు. 

"అన్నయ్యా, ఒకసారి లోపలికి రండి."

వెళ్ళాను. మంచం పక్కన నిలబడి ఉంది. చేతిలో సిరంజి. మందు సీసా నా ముందుకు చాపి, లేబులు నా వైపు తిప్పింది. చదివాను. సిరంజి కిటికీ వెలుగులోకి ఎత్తి మందు ఎంత ఉందో చూపించింది. తల ఊపాను. అప్పుడు వంగి, తల్లి చేతికి సూది వేసింది. 

"చూశారు కదండీ?" అంది.

"చూశాను," అన్నాను.